వెంట్రుకవాసి బిగువు

భద్రాచలంలో గోదావరి పెరుగుతున్నదంటే "బాగా వచ్చింది" అన్న మాటతో ఎవరికీ తృప్తి కలగదు. ఎన్ని అడుగులని అడుగుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఇంట్లో సామాను మేడమీదికి చేర్చాలా, ఊరు విడిచి పోవాలా అన్న నిర్ణయం ఆ అంకెను బట్టే జరుగుతుంది. నది పక్కన బ్రతికేవారికి విశేషణం చాలదని, అంకె కావాలని గోదావరి నేర్పింది.

చక్రం సంగతికి వచ్చేసరికి మనం ఇంకా విశేషణం దగ్గరే ఉన్నాం. పంక్చరు వేసి చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు "గట్టిగా బిగించు తమ్ముడూ" అంటాడు కారు యజమాని. "గట్టిగనే పట్టించిన సారూ, ఇగ ఊడేది లేదు" అంటాడు ఆ కుర్రవాడు. ఇద్దరికీ మనశ్శాంతి. గట్టిగా అంటే ఎంత అని అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. నిజానికి ఆ బిగువుకు ఒక అంకె ఉంది. వాహనంతోపాటు ఇచ్చిన పుస్తకంలో అచ్చువేసి ఉంది. ఆ అంకెకు తగ్గితే చక్రానికి ఎంత ముప్పో, మించినా అంతే ముప్పు. ఊడిపోవడానికి భయపడి బలంకొద్దీ బిగించడాన్ని మనం జాగ్రత్త అనుకుంటున్నాం. అది అజాగ్రత్తే అని నా వాదన. ఖమ్మం దాటి అడవిదారి పట్టే వాహనాల విషయంలో ఈ తేడా ప్రాణాలతో ముడిపడి ఉంది గనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

ముందు నట్టు చేసే పని ఏమిటో చూద్దాం. చక్రం స్టడ్లకు తగిలించి ఉంటుందనీ, వాహనం బరువంతా ఆ నాలుగైదు ఇనుప చువ్వల మీద వ్రేలాడుతుందనీ చాలామంది అభిప్రాయం. అది సరికాదు. నట్టును తిప్పేకొద్దీ స్టడ్డు సాగుతుంది. రబ్బరులా కంటికి కనబడేంతగా కాదు గాని, సాగడమైతే నిజం. సాగిన ఉక్కు తిరిగి కుంచించుకుపోవాలని లాగుతుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకేసి అదిమి పట్టి ఉంచుతుంది. అలా అదిమి ఉంచిన రెండు ఇనుప ముఖాల మధ్య పుట్టే రాపిడి వాహనం బరువునూ, బ్రేకు తాకిడినీ, గతుకుల దెబ్బనూ మోస్తుంది. అంటే స్టడ్డు ఒక బిగి స్ప్రింగు. మనం బిగిస్తున్నది నట్టును కాదు, ఆ స్ప్రింగును సాగదీస్తున్నాం.

ఎంత సాగుతుంది? మామూలు కారుకు ఉండే 12 మిల్లీమీటర్ల స్టడ్డును 100 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగిస్తే దానిలో ఇంచుమించు నాలుగు టన్నుల లాగుడు పుడుతుంది. నాలుగు నట్లున్న చక్రాన్ని పదహారు టన్నుల ఒత్తిడి హబ్బుకు అదిమి ఉంచుతుందన్నమాట. ఇంతా చేసి స్టడ్డు సాగేది మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. లెక్కవేస్తే తలవెంట్రుక మందం తేలుతుంది. తెలుగులో వెంట్రుకవాసి తేడా అంటూంటాం. ఇక్కడ అది అలంకారం కాదు, అక్షరాలా కొలత. నలుగురు మనుషులు, సామాను, కారు అంతా కలిసి ఒక్కొక్క స్టడ్డులోని వెంట్రుక మందం సాగుడు మీద ఆధారపడి నడుస్తున్నాయి.

ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే మిగిలినవన్నీ వాటంతటవే అర్థమౌతాయి. హబ్బు ముఖం మీద తుప్పు పొర ఉందనుకోండి. రిమ్ము మీద కొత్తగా దట్టంగా రంగు వేశారనుకోండి. జూలూరుపాడు దగ్గరి ఎర్రమట్టి, కొత్తగూడెం బొగ్గుపొడి పేరుకొని ఉన్నాయనుకోండి. బిగించిన క్షణంలో అంతా గట్టిగానే ఉంటుంది. పది ఇరవై గతుకులు తగిలాక ఆ పొర నలిగి అణిగిపోతుంది. అణిగింది సగం వెంట్రుక మందమే కావచ్చు. కాని సాగినదే ఒక వెంట్రుక మందం కదా, అందులో సగం పోయిందంటే బిగువులో సగం పోయినట్లే. నట్టు ఒక్క చుట్టు కూడా వెనక్కు తిరగలేదు, చూపులకు ఎలా ఉన్నది అలాగే ఉంది, నాలుగు టన్నుల చోట రెండు టన్నులు మిగిలింది. అందుకే చక్రం ఎక్కించేముందు తీగబ్రష్షుతో హబ్బు ముఖాన్ని గీకాలంటారు. అందుకే 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించి చూడాలంటారు. ఈ రెండవ బిగింపును మన దగ్గర చాదస్తంగా చూస్తారు. మొదటి బిగింపు సగం పని మాత్రమే, రెండవదానితో గాని అది పూర్తికాదు.

బిగువు తగ్గిన చక్రం ఏం చేస్తుంది? కనీకనబడకుండా హబ్బు మీద జారడం మొదలుపెడుతుంది. అడ్డంగా కదిలే ప్రతి కదలికకూ నట్టు తనంతట తాను కొంచెం వెనక్కు తిరుగుతుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపించాడు. నిలువు కుదుపుకంటే అడ్డ జారుడు నట్టుకు పెద్ద శత్రువని ఆయన పని వల్లనే స్థిరపడింది. జారుడు వల్ల నట్టు వదులౌతుంది, వదులైనందువల్ల జారుడు పెరుగుతుంది. ఈలోగా రాపిడి మోయవలసిన బరువు స్టడ్ల మీద పడుతుంది. వంచిన తీగను అటూఇటూ విరిచినట్లు అవి అలసిపోతాయి. ఒకటి తెగితే దాని వాటా మిగిలిన మూడింటికి చేరుతుంది, రెండవది తెగడానికి అంత సమయం పట్టదు.

మన రోడ్ల మీద మనం నడిచేది ఎడమవైపు. బండి ముందుకు పోతున్నప్పుడు ఎడమచక్రాన్ని బయటినుంచి చూస్తే అది గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. మామూలు నట్టు విప్పే దిశా అదే. వెనకటి రోజుల్లో కొన్ని కార్లకు, భారీ వాహనాలకు ఎడమవైపు స్టడ్లకు ఎదురుమర పెట్టడంలోని ఆలోచన ఇదే. మనలాగే ఎడమవైపు నడిచే బ్రిటన్‌లో లారీల మీద జరిపిన పరిశీలనల్లో ఎక్కువగా ఊడేవి ఎడమవైపు వెనుక చక్రాలని తేలింది. ఎడమవైపు అంటే రోడ్డు అంచు. మన దగ్గర ఆ అంచున ఎవరుంటారో వేరే చెప్పనక్కరలేదు. సంత నుంచి తట్టలు నెత్తిన పెట్టుకొని వరుసగా నడిచిపోయే కోయ స్త్రీలు, బడిపిల్లలు, మేకలు. లారీ చక్రం ఒక్కటే, టైరుతో కలిపి, ఒక మనిషి బరువుకంటె ఎక్కువ తూగుతుంది. అది ఊడి వచ్చేటప్పుడు లారీ ఎంత వేగంతో పోతున్నదో అంత వేగంతోనే వస్తుంది, దానికి బ్రేకుండదు.

ఇంతవరకు తక్కువ బిగువు సంగతి. ఇది చదివినవారు "అందుకే కదా మేము గట్టిగా బిగించమనేది" అనవచ్చు. అక్కడికే వస్తున్నాను.

మన పంక్చరు షాపుల్లో పానా నట్టుకు తగిలించి, దానిమీద కాలు పెట్టి ఎక్కి, ఒక ఎగురు ఎగిరి బిగించడం అందరూ చూసినదే. ఆ కుర్రవాడి బరువు 60 కిలోలు, పానా పొడవు 30 సెంటీమీటర్లు అనుకుంటే, ఊరకే నిలబడితేనే 176 న్యూటన్-మీటర్లు. ఎగిరితే దానికి రెట్టింపు. చిన్న మారుతీ కార్ల పుస్తకాలు చాలావాటిలో వ్రాసి ఉన్నది 85. టయోటా ఇన్నోవాకు 103. అంటే చిన్నకారు స్టడ్డు మీద ఆ కుర్రవాడు కావలసినదానికి నాలుగింతలు ప్రయోగిస్తున్నాడు. ఉక్కుకు సాగే గుణం ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటితే సాగిన స్టడ్డు తిరిగి కుంచించుకోదు, అలా సాగిపోయే ఉండిపోతుంది. నమిలిన జిగురులా అన్నమాట, స్ప్రింగులా కాదు. పైకి నట్టు బిగిసే ఉంటుంది, లోపల మర లాగేసుకొని ఉంటుంది. తరువాత ఎప్పుడో విప్పేటప్పుడు అది తెగి చేతిలోకి వస్తుంది. లేదా దారిలోనే తెగుతుంది. "గట్టిగా బిగించినా తెగింది, కంపెనీ ఇనుము మంచిది కాదు" అని కంపెనీని తిడతాం.

ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించాను. ఇది లారీల నుంచి వచ్చింది. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, సత్తుపల్లి, సారపాక ప్రాంతాల్లో టైరుషాపులను పోషించినవి సింగరేణి బొగ్గులారీలు, విద్యుత్కేంద్రాల లారీలు, కాగితపు మిల్లుకు వెదురు, జామాయిలు తోలే లారీలు, గోదావరి ఇసుక లారీలు. పెద్ద లారీలకుండే 22 మిల్లీమీటర్ల స్టడ్డుకు కావలసినది సుమారు 600 నుంచి 700 న్యూటన్-మీటర్లు. మీటరు పొడవు గొట్టం తొడిగి దాని చివర 60 కిలోల మనిషి నిలబడితే దాదాపు 590. అంటే లారీ విషయంలో ఎక్కి నిలబడడం అజ్ఞానం కాదు! ఎవరూ లెక్కవేయకపోయినా అనుభవం మీద కుదిరిన కొలత అది. ఒక మనిషి, ఒక గొట్టం, ఎగరకుండా నిలబడడం: ఆ పద్ధతిని కనిపెట్టిన పాతకాలపు మేస్త్రీలకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, లారీకి తగిన ఆ అలవాటును ఉన్నదున్నట్లు కార్ల మీదికి తెచ్చారు. బొగ్గులారీల వెనుక కార్లు వచ్చాయి. ఏనుగుకు కట్టే మోకు మేకపిల్లకు కట్టినట్లయింది.

గాలితో పనిచేసే గన్ను వచ్చాక పరిస్థితి మెరుగుపడిందనుకుంటే అదీ భ్రమే. గన్ను టకటక కొట్టుకుంటూ పోతుంది, ఎంతవరకు కొట్టిందో చెప్పదు. ఒకే గన్నుతో నిమిషం క్రితం లారీ, ఇప్పుడు ఆల్టో. మంచి షాపుల్లో గన్నుతో నట్లను దగ్గరకు చేర్చి, చివరి బిగింపు చేతి రెంచితో చేస్తారు. అదే సరైన పద్ధతి. వరుసగా కాకుండా ఎదురెదురు నట్లను మార్చిమార్చి బిగించడం కూడా ఎవరో సరదాకి పెట్టిన నియమం కాదు. ఒక ప్రక్క ముందే బిగిస్తే చక్రం వాలుగా కూర్చుంటుంది. తరువాతి నట్టు దానిని సరిచేయడానికే తన బలమంతా ఖర్చుపెడుతుంది.

ఇక నూనె సంగతి. ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. మనం తిప్పే బలంలో నూటికి యాభై పాళ్ళు నట్టు అడుగున రాపిడికే పోతాయి, మరో నలభై మరల మధ్య రాపిడికి పోతాయి, స్టడ్డును సాగదీయడానికి మిగిలేది పది పాళ్ళు. అందుచేత రాపిడి కొంచెం మారినా ఆ పది పాళ్ళ లెక్క తలక్రిందులౌతుంది. మరలకు గ్రీజు పూసి అదే 100 న్యూటన్-మీటర్లు బిగిస్తే స్టడ్డులో నాలుగు టన్నులకు బదులు ఆరు టన్నులు పుట్టవచ్చు. రెంచి మాత్రం అదే అంకె చూపుతుంది. పుస్తకంలోని అంకె సాధారణంగా పొడి మరలకు చెప్పినది. కరణాన్ని మంచి చేసుకోవాలని చెప్పడానికి సుమతీ శతకకారుడు ఇరుసుకు పెట్టే కందెనను ఉపమానంగా తెచ్చుకున్నాడు. ఇరుసు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. నట్టు మరలకు మాత్రం ఆ సూత్రం పనికిరాదు. తుప్పుపట్టి తిరగనని మొరాయించే నట్టు కూడా ప్రమాదమే, అది ఎదురుదిక్కు ప్రమాదం. బలమంతా తుప్పే తినేస్తుంది, బిగిసినట్లు అనిపిస్తుంది, స్టడ్డు సాగనే సాగదు. 2022 వంటి వరదలలో రోజులతరబడి నీటిలో నిలిచిన వాహనాల స్టడ్లు ఇటువంటివే. వాటిని శుభ్రం చేయాలి, మర చెడితే మార్చాలి. గ్రీజు పూసి సరిపుచ్చకూడదు.

అతిబిగువుకు మన ప్రాంతంలో ఇంకొక ముఖం ఉంది. నా దృష్టిలో అదే ముఖ్యమైనది. ముప్ఫయ్యో నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటాక చింతూరు మీదుగా కుంట వైపు ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. భద్రాచలం నుంచి చింతూరు అరవై పైచిలుకు కిలోమీటర్లు. చింతూరు దగ్గర చీలి మారేడుమిల్లి వైపు తిరిగితే ఘాట్ రోడ్డు. ఆ దారుల్లో చాలా దూరం ఇరుప్రక్కలా అడవే, ఫోను పలకని చోట్లున్నాయి, పంక్చరు షాపు కోసం మైళ్ళు పోవాలి. అక్కడ రాత్రివేళ టైరు దిగిందనుకోండి. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కారుతో వచ్చిన పొట్టి పానా ఉంది. ఆ పానా పొడవు 25 సెంటీమీటర్లు అనుకుందాం. నట్టు 85 దగ్గర బిగించి ఉంటే సుమారు 35 కిలోల బరువు మోపితే కదులుతుంది. ఒక ఆడమనిషి, ఒక పెద్దాయన కూడా కాలితో అదిమి విప్పుకోగలరు. షాపులో ఎగిరి 300 దగ్గర బిగించి ఉంటేనో, 120 కిలోలు కావాలి. నట్టు కదలదు, కదిలితే పానా జారి నట్టు మూలలు అరిగిపోతాయి. చక్రం ఊడలేదు, నిజమే. చక్రం రానూ రాదు. సరిహద్దు గ్రామాల నుంచి, కుంట ప్రాంతం నుంచి కూడా కాన్పులకూ జ్వరాలకూ జనం వచ్చేది భద్రాచలం ఏరియా ఆసుపత్రికే. జీపులో నొప్పులు పడుతున్న మనిషిని పెట్టుకొని విప్పరాని నట్టుతో పెనుగులాడడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గట్టిగా బిగించమన్నవాడు ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో హాయిగా నిద్రపోతుంటాడు.

చక్రాలు ఊడిన వార్తలు మనకు కొత్త కావు. 2023 డిసెంబరులో హుజూరాబాద్ నుంచి హనుమకొండ పోతున్న ఆర్టీసీ బస్సు వెనుక చక్రాలు దారిలో ఊడిపోయాయి. 2024 ఆగస్టులో జగిత్యాల దగ్గర మరొక బస్సుకు అటువంటిదే జరిగింది. అప్పట్లో నడిచిన వాదం ఎక్కువగా బస్సులో ఎంతమంది ఎక్కారన్నదాని చుట్టూ తిరిగింది. బరువు ముఖ్యం కాదని నేననను. కాని బస్సులో తలలు లెక్కపెట్టేందుకు చూపిన ఉత్సాహంలో కొంత నట్ల లెక్కకు, చక్రం ఆఖరిసారి ఎప్పుడు విప్పారన్న ప్రశ్నకు చూపి ఉంటే చదివేవారికి మేలు జరిగేది. చక్రం విప్పి ఎక్కించిన తరువాత మొదటి కొద్ది వందల కిలోమీటర్లే గండమని తెలిసినవారు ముందుగా అడగవలసిన ప్రశ్న అది.

కెనడాలోని ఆంటేరియోలో 1990ల మధ్యలో లారీ చక్రాలు ఊడి కార్లమీద పడి మనుషులు చనిపోయిన ఘటనలు పెద్ద అలజడి రేపాయి. 1997లో అక్కడ చట్టం చేశారు. వాణిజ్య వాహనపు చక్రం రోడ్డు మీద ఊడితే చాలు, యజమాని, నడిపే సంస్థ నేరస్థులే. "మేము తగిన జాగ్రత్తలు తీసుకున్నాం" అన్న వాదన చెల్లదు. జరిమానా 50 వేల డాలర్ల వరకు. మన మోటారు వాహనాల చట్టంలోనూ ప్రమాదకరమైన స్థితిలో వాహనం నడిపితే శిక్షించే 190వ సెక్షను ఉంది. ఆంటేరియో చట్టాన్ని యథాతథంగా మనకు తెస్తే బాగుంటుందని కొందరు మిత్రులు అంటారు. నాకు సందేహమే. అక్కడ అది సంస్థ మెడకు చుట్టుకుంటుంది. ఇక్కడ పానా పట్టిన క్లీనరు కుర్రవాడి మెడకు చుట్టుకుంటుందని నా భయం. ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా అనీ అంటారు. ఎనిమిదేళ్ళు దాటిన వాణిజ్య వాహనానికి అది ఏడాదికొకసారి. చక్రం నట్టు బిగువు వంద కిలోమీటర్లలో మారిపోయే వస్తువు, ఏడాదికొక సంతకం దానికి హామీ ఇవ్వలేదు.

చేయవలసినది షాపు దగ్గరే ఉంది. కార్లకు సరిపడే టార్కు రెంచి రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. ఒక నడిపాటి టైరు ఖరీదు అంతకంటె ఎక్కువ. అంకె పెట్టి తిప్పితే ఆ అంకె దగ్గర టక్కుమని చప్పుడు చేస్తుంది, అక్కడ ఆపాలి. టక్కు విన్నాక "ఇంకొక్కటి" అని మళ్ళీ లాగకూడదు. ఆ ఇంకొక్కటి మన జాతీయ దురలవాటు, కూరలబేరంలో కొసరు అడిగినట్లు. దానితో నట్లు విప్పకూడదు, పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠానికి తిప్పి పెట్టాలి, లేకపోతే కొలత తప్పుతుంది. అంత పెట్టుబడి పెట్టలేని అడవిపల్లె షాపుకు ఇంకొక దారి ఉంది. కొక్కెం ఉన్న 50 కిలోల స్ప్రింగు కాటాను పానా చివర తగిలించి, పానాకు నిలువుగా లాగాలి. నట్టు నడిమి నుంచి పావు మీటరు దూరంలో 35 కిలోలు చూపితే 86 న్యూటన్-మీటర్లు, 42 చూపితే 103. కాటా కొంచెం తప్పు చూపినా, కళ్ళు మూసుకొని ఎగరడంకంటె ఎన్నో రెట్లు మేలు. పుస్తకంలో తమ బండికి ఏమి వ్రాశారో అదే పెట్టాలి గాని నేను చెప్పిన అంకెలను అన్ని బండ్లకూ పెట్టకండి. హ్యుందాయ్ కొత్త కార్లకు 107 నుంచి 127 వరకు వ్రాసి ఉంటుంది. అల్లాయ్ చక్రాలకు, ఇనుప చక్రాలకు నట్టు కూర్చునే తీరే వేరుగా ఉండవచ్చు. చక్రాలు మార్చినవారు నట్లు కూడా దానికి తగినవే వాడాలి.

షాపుగోడ మీద సినిమా పోస్టరుకు, దేవుడి పటానికి మధ్య ఒక అడుగు జాగా ఉంటుంది. అక్కడ తమ దగ్గరికి తరచుగా వచ్చే పది బండ్ల పేర్లు, వాటి ఎదుట అంకెలు ఎర్రరంగుతో వ్రాసిపెడితే చాలు. బిగించడం అయ్యాక నట్టు మీది నుంచి రిమ్ము మీదికి తెల్లరంగుతో ఒక గీత గీస్తే, నట్టు తిరిగిందా లేదా అన్నది పానా ముట్టకుండానే చూసుకోవచ్చు. నట్టు తిరగకుండానే బిగువు తగ్గడం అన్నది గీతకు కనబడదు, ఆ మాట మరువకూడదు. నట్టు చుట్టూ చక్రం మీదికి ఎర్రని తుప్పు చారలు జారినా, నల్లని పొడి కనిపించినా, నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం లోనుంచి కటకటమన్నా బండి వెంటనే ఆపాలి. ఇవన్నీ లోపల చక్రం జారుతున్నదని చెప్పే గుర్తులు.

షాపువాడు మారాలంటే అడిగేవాడు ఉండాలి. "గట్టిగా బిగించు" అని ఆజ్ఞాపించేది మనమే గనుక అతడు తన ఒంటి బరువంతా మనకు ధారపోస్తున్నాడు. ఆ మాట మాని "ఎంతకు పెట్టావు తమ్ముడూ" అని అడగడం మొదలుపెడితే, మొదటి పదిమందికి అతడు నవ్వుతాడు. పదకొండవవాడు అడిగేసరికి రెంచి కొంటాడని నా నమ్మకం. ఈ ప్రాంతపు మేస్త్రీల చేతినేర్పు మీద నాకు గౌరవం ఉంది. సత్తుపల్లి బొగ్గుబావుల పక్కన డంపర్ల మధ్య పెరిగిన చేతులకు ఒక అంకె నేర్చుకోవడం కష్టమేమీ కాదు.

దారి లెక్క కూడా మనకు అనుకూలంగానే ఉంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం సుమారు 80 కిలోమీటర్లు. రెండవ బిగింపు చేయాలని చెప్పే 50–100 కిలోమీటర్ల హద్దులో అది చక్కగా ఇమిడిపోతుంది. అక్కడినుంచి పాల్వంచ, ఆపైన భద్రాచలం వంతెన, దాని తరువాతే అసలు అడవి. ఖమ్మంలో చక్రం విప్పించుకొన్నవారు కొత్తగూడెం చేరాక నీడన బండి నిలిపి, టీ త్రాగి, చక్రం చల్లబడ్డాక పానా బయటికి తీయాలి. వేడిగా ఉన్నప్పుడు చూస్తే బిగువు తప్పుగా తెలుస్తుంది. నాలుగు నట్లకు రెండు నిమిషాలు పడుతుంది. ఒకటి రెండు కొద్దిగా కదిలి సర్దుకుంటే కంగారుపడనక్కరలేదు, రెండవ బిగింపు ఉన్నదే అందుకు. భద్రాచలంలో చూసినప్పుడు కూడా అదే నట్టు మళ్ళీ కదిలిందంటే, ఆ చక్రాన్ని విప్పి స్టడ్డు మరనూ హబ్బు ముఖాన్నీ పగటి వెలుతురులో చూడనిదే చింతూరు దారి పట్టవద్దు.